దీవి కొట్టులో కొసరు

న్యూజిలాండ్ వెళ్లొచ్చానని తెలియగానే చీరాలలో మా వీధివాళ్లంతా ఒకటే అడిగారు, ఏం చూశావని. మంచుకొండలు చూశావా, గొర్రెల మందలు చూశావా, సినిమా పాటల్లో కనిపించే సరస్సులు చూశావా అని. నేను కొట్టు చూశానని చెప్పాను. అంత దూరం విమానం ఎక్కి వెళ్లి కిరాణా కొట్టు చూసొచ్చావా మార్తమ్మా అని ఎకసెక్కాలాడారు. ఆడనీ. వాళ్లు చూడనిది నేను చూశాను కాబట్టి, అక్కడికి వెళ్లని వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు కిరాణా కొట్టు నడిపాను. కూరగాయల మార్కెట్ వెనక సందులో, పది మంది నిలబడితే పదకొండో మనిషి బయట ఉండాల్సినంత కొట్టు. కందిపప్పు గుప్పిట్లోకి తీసుకుంటే కొత్తదో పాతదో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. మోకాళ్లు మొరాయించాక రెండేళ్ల కిందట కొట్టు ఎత్తేశాను.

మా అన్నయ్య కూతురు ప్రవీణ బడి వదలగానే ఇంటికి వెళ్లేది కాదు, నా కొట్టుకే వచ్చేది. పప్పుల డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. పెద్దయ్యాక న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో బిజినెస్ చదువుకోవడానికి వెళ్లింది. చదువు అయ్యాక అక్కడే సూపర్‌మార్కెట్లలో పనిచేసి, చివరికి ఆక్లాండ్‌కు దూరంగా సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవిలో ఉన్న ఒక్కగానొక్క కొట్టుకు మేనేజరై కూర్చుంది. మా అన్నయ్యకు ఇది బొత్తిగా మింగుడు పడలేదు. ఉల్లిపాయలు తూచడానికి న్యూజిలాండ్ ఎందుకు, చీరాలలో ఉల్లిపాయలు లేవా అనేవాడు.

ఆ కొట్టు యజమాని బెవ్ అనే ఆవిడ. డెబ్బై దాటాయి, పిల్లలు లేరు, మోకాళ్లు నా మోకాళ్లకు అక్కచెల్లెళ్లు. ఇక నడపలేనని, ఒక ఏడాది పాటు కొట్టును ప్రవీణ చేతికి అప్పగించి చూస్తున్నారు. ఏడాది చివర తన మాట చెబుతానన్నారు, కొట్టు ప్రవీణకు ఇస్తారో, దాన్ని కాఫీ హోటల్ చేస్తానని కాచుకు కూర్చున్న తన అక్క కొడుక్కి ఇస్తారో. ఆ గడువు మే నెలాఖరుతో తీరిపోతుంది. ఏప్రిల్‌లో ప్రవీణ ఫోన్ చేసి, "నాకీ కొట్టు కావాలత్తా" అంది. చిన్నప్పటి నుంచి బిస్కెట్ కూడా నోరు తెరిచి అడగని పిల్ల. నేను వెంటనే టికెట్ కొనమన్నాను. దానికి ఇంకా తెలియనివి ఏమైనా ఉంటే దగ్గరుండి నేర్పి, కొట్టు దాని చేతిలో పెట్టించి వస్తానని అందరికీ చెప్పి మరీ బయల్దేరాను.

దీవి పేరు మాత్రం రాయను. వేసవిలో వచ్చే జనాన్నే మోయలేకపోతున్నాం, నువ్వు కూడా రాసి పంపించకు అని ప్రవీణ ఒట్టు వేయించుకుంది.

మౌంట్ రాస్కిల్

ఆక్లాండ్‌లో దిగగానే మొదటి దెబ్బ విమానాశ్రయంలో తగిలింది. వెంట తెచ్చిన తినే సరుకులు రాసిచ్చే కాగితం మీద నేను ఉన్నదున్నట్టు కరివేపాకు అని రాయించాను. ఉన్నదున్నట్టు రాశారు కాబట్టి జరిమానా లేదమ్మా అని మర్యాదగా చెప్పి, కరివేపాకు మొత్తం అంతే మర్యాదగా చెత్తబుట్టలో వేశారు.

ఆ ఊళ్లోనే మౌంట్ రాస్కిల్ అనే పేటలో, మా చీరాల చర్చి సంఘంలో పెరిగిన ఎస్తేరు ఇంట్లో దిగాను. ఎస్తేరు వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. పన్నెండు గంటలు నిలబడి వచ్చి కూడా నాకు చేపల పులుసు వండిపెట్టింది. చేప పేరు తరకిహి అంది. మన పండుగప్పకు దగ్గరలో ఉంది గానీ చింతపండుకు ఇంకా అలవాటు పడలేదు.

శనివారం సరుకులకు శాండ్రింగామ్ వీధికి తీసుకెళ్లింది. అక్కడ మనవాళ్ల కొట్లు వరసగా ఉన్నాయి. లోపలికి అడుగు పెడితే ఇంగువ వాసన, అగరొత్తుల వాసన, పాత గోనెల వాసన. ప్రాణం లేచొచ్చింది. నాలుగు రెబ్బల కరివేపాకు మూడు డాలర్లు, అంటే నూట యాభై రూపాయలు. విమానాశ్రయంలో వాళ్లు నా దగ్గర తీసుకుని పారేసినదాని విలువ అప్పుడు తెలిసి గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఫిజీ నుంచి వచ్చిన బెండకాయలు కిలో పద్దెనిమిది డాలర్లు. అంత ధర పెట్టేటప్పుడు ముదురువి తీసుకుంటామా? నేను అలవాటుగా ఒక్కొక్క కాయ తొడిమ కాదు, తోక విరిచి చూసి, లేతవి ఏరుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఎస్తేరు ముఖం పాలిపోయి ఉంది. తోక విరిగిన కాయలన్నీ కొనాలి ఆంటీ, ఇక్కడ అలా విరవకూడదు అని చెవిలో చెప్పింది. ముదురువి కూడా కొన్నాం.

కొట్టావిడ ఫిజీ భారతీయురాలు, నాకంటే పదేళ్లు చిన్న. బెండకాయలు తూచి కవర్లో పోశాక నేను చెయ్యి చాపి నిలబడ్డాను. ఆవిడ నా చేతి వంక చూసింది. కొసరు అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. కొన్నదాని పైన చేతికొచ్చినంత వేస్తారే, అది అని ఎస్తేరు సిగ్గుపడుతూ ఇంగ్లిషులో విడమరిచి చెప్పింది. ఆవిడ పెద్దగా నవ్వి, మా అమ్మమ్మ ఇలాగే అడిగేది అంటూ ఒక పచ్చిమిరపకాయ తీసి నా చేతిలో పెట్టింది. ఒక్కటి. మా కొట్లో పావుకిలో వంకాయలు కొన్న మనిషికి కూడా రెమ్మ కొత్తిమీర ఇవ్వకుండా పంపలేదు నేను.

ఆదివారం గుడిలో పిల్లలు తెలుగు కీర్తన శ్రావ్యంగా పాడారు. పాట అవగానే ఇంగ్లిషులో దెబ్బలాడుకున్నారు.

పడవ మీద

సోమవారం ఎస్తేరు నన్ను రేవులో పడవ ఎక్కించింది. ప్రవీణ కోసం నేను మోసుకెళ్తున్న మూట చూసి టికెట్ మనిషి, లోపల ఎవరైనా మనిషి ఉన్నారా అని అడిగాడు. సన్నబియ్యం, కందిపప్పు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. చుట్టూ చూస్తే నా మూటే చిన్నది. ఆ పడవలో ఖాళీ చేతులతో ఎక్కిన మనిషి ఒక్కరూ లేరు. ఒకావిడ ఒళ్లో కిటికీ అద్దం పెట్టుకుని కూర్చుంది. ఒకాయన కాళ్ల దగ్గర కోళ్ల దాణా బస్తా.

దాణా బస్తా ఆయన పేరు గ్యారీ. దీవిలో నీళ్ల పంపులు బాగుచేస్తాడు. నాలుగున్నర గంటల ప్రయాణం, రెండో గంటలో నా కడుపు తిరగబడింది. ఆయన తన సంచిలోంచి అల్లం బిస్కెట్ తీసి ఇచ్చాడు. తేరుకున్నాక నేను పులిహోర పెట్టాను. వేరుశనగ గుండ్లు ముందు ఏరుకుని తిని, తర్వాత అన్నం తిన్నాడు. నాకొచ్చిన ఇంగ్లిషులో ప్రవీణ మేనత్తనని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, ఆ అమ్మాయి పరవాలేదు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పులిహోర తిని పరవాలేదంటాడా అనుకున్నాను. ఆ దేశంలో నోరారా పొగడటమంటే అదేనని ప్రవీణ తర్వాత చెప్పింది. బాగున్నదాన్ని పరవాలేదంటారు, బాగాలేనిదాని గురించి అసలు మాట్లాడరు.

చెప్పులు లేని ఖాతాదారులు

కొట్టు రేవు నుంచి కనిపిస్తూనే ఉంటుంది. ఆకుపచ్చ రేకుల కప్పు, పైన సోలార్ పలకలు, ముందు చెక్క వరండా. దీవికి కరెంటు తీగలు లేవు. ఎవరి ఎండ వాళ్లదే. వరండాలో బల్ల మీద ఫీజోవా పళ్ల బుట్ట పెట్టి, ఉచితం, తీసుకోండి అని రాసి ఉంది. జామకూ అనాసకూ మధ్య రకం వాసన వేస్తాయి. పళ్లు ఊరికే పెట్టి పోయే దేశంలో పచ్చిమిరపకాయకు అంత పీనాసితనమేమిటో నాకు అర్థం కాలేదు.

లోపల ప్రవీణ. నీలం ఆప్రాన్ కట్టుకుని, జుట్టు పైకి ముడేసుకుని, నన్ను చూసి కూడా ముందున్న మనిషి సరుకు పూర్తయ్యే వరకు కదల్లేదు. అయ్యాకే వచ్చి వాటేసుకుంది. అది నేను నేర్పిందే. చుట్టం వచ్చినా బేరం మధ్యలో లేవకూడదు.

మూడు వరసల అరలు, రెండు ఫ్రీజర్లు, ఒక మూల కూరగాయలు, పక్కన తూకం. మా వీధంత జనం ఉన్న దీవికి ఇదే ఆధారం. క్యాబేజీ ఎనిమిది డాలర్లు, వెన్న పదకొండు, పాలు రెండు లీటర్లు ఏడు. ప్రతిదాన్నీ యాభైతో హెచ్చవేసి నేను గుండెలు బాదుకుంటుంటే ప్రవీణ నవ్వింది. పడవలో వచ్చేదానికి పడవ ఖర్చు కూడా తినాలి కదత్తా అంది. నాకు అన్నిటికంటే వింతగా తోచింది జనం కాళ్లు. సగం మంది చెప్పుల్లేకుండా వచ్చారు. మనం గుడి ముందు చెప్పులు విడిచినట్టు, వాళ్లు ఏకంగా ఇంటి దగ్గరే విడిచి కొట్టుకొస్తారు. నాకు ఆ కొట్టు మీద గౌరవం మరింత పెరిగింది. అది గౌరవం కాదు, బద్ధకం అని ప్రవీణ అంది గానీ నేను ఒప్పుకోలేదు.

తలుపు పక్కన కుర్చీలో బెవ్. తెల్లజుట్టు, పెద్ద చేతులు, మాట తక్కువ. మా పరిచయం మోకాళ్లతో మొదలైంది. ఆవిడ తన మోకాలు తట్టి చూపారు, నేను నాది తట్టి చూపాను. తర్వాత రెండు రోజులూ నేను కుర్చీ పక్కన స్టూలేసుకుని ప్రవీణ పని చూశాను.

నేర్పడానికి ఏమీ మిగల్లేదు. వచ్చిన ప్రతి మనిషినీ పేరుతో పిలిచి, ఇంట్లో ఎవరికి దగ్గు, ఎవరి కోళ్లు గుడ్లు మానేశాయి అన్నీ అడిగేది. ఒక ముసలాయన రొట్టె తీసుకుంటే దాన్ని వెనక్కి పెట్టేసి, నిన్నటిది సగం ఇంకా మీ ఇంట్లోనే ఉంది, రేపు రండి అని పంపేసింది. అమ్మాల్సిన సరుకు అమ్మకుండా పంపడం నా కంటికి తప్పుగానే కనిపించింది. కానీ ఆయన మర్నాడు వచ్చాడు, రొట్టెతో పాటు ఇంకో మూడు సరుకులు కొన్నాడు. నేను బెవ్ వంక చూశాను. ఆవిడ చదువుతున్న పేపర్ కిందికి దించలేదు.

గాలి

సరుకుల పడవ వారానికి ఒకసారి, మంగళవారం వస్తుంది. నేను దిగిన మర్నాడు, ఆ మంగళవారమే గాలి లేచింది. వెల్లింగ్టన్‌లో గాలి మనుషుల్ని ఎత్తుకుపోతుందని ఎస్తేరు చెబితే నవ్వాను గానీ, ఇక్కడ వరండా బల్ల ఎగిరి రోడ్డు దాటడం నా కళ్లతో చూశాను. పడవ రద్దయింది. గురువారం వేస్తామన్నారు, అదీ రద్దయింది. ఉత్తరం వైపు రోడ్డు మీద కొండ మట్టి విరిగిపడి దారి మూసుకుపోయింది. కొట్టులో అరలు ఒక్కొక్కటే నేల కనిపించే పొలంలా తయారయ్యాయి. ఉల్లిపాయలు గురువారమే అయిపోయాయి.

ఎవరూ ఆకలితో మాడిపోతారని కాదు. సముద్రంలో చేపలున్నాయి, ఇళ్లలో డబ్బాలున్నాయి. కానీ వాళ్లకు బంగాళదుంప మనకు అన్నం లాంటిది. కొట్టులో ఇరవై కిలోల బస్తాలు మూడు మిగిలాయి. పెరట్లో దుంపలు పండించుకునే ఇళ్లు పోను, ఎవరెవరికి కావాలో ప్రవీణ తన తలలోంచే తీసి లెక్క వేసింది. నలభై ఇళ్లు. ఇంటికి కిలోన్నర. శుక్రవారం పొద్దున వరండాలో బోర్డు మీద అదే రాసి పెట్టింది: ప్రతి ఇంటికీ కిలోన్నర తప్పకుండా ఉంటుంది, తొందరపడొద్దు, చివరగా వచ్చినవాళ్లకు కూడా దొరుకుతుంది అని.

నాకు ఆ బోర్డు నచ్చలేదు. సరుకు తక్కువైనప్పుడు మనకు కావాల్సినవాళ్లకు కాస్త పక్కన పెట్టి ఉంచాలని నా పద్ధతి చెప్పాను. అది వినిపించుకోలేదు. మట్టి విరిగిన చోట నడవలేని ఒక ముసలావిడకు మందులూ పాలూ ఇవ్వడానికి ట్రక్కు తీసుకుని వెళ్తూ, తూకం దగ్గర నన్ను నిలబెట్టింది. మీట నొక్కితే చీటీ వస్తుంది, కవరుకు అంటించు, అంతే అంది. తూకం నేర్పుతుందట నాకు. అయినా రెండేళ్ల తర్వాత తూకం ముందు నిలబడగానే నా వెన్ను నిటారుగా అయిపోయింది.

తూకం

గ్యారీ మొదటివాడు. కిలోన్నర తూచాను, చీటీ అంటించాను. ఆ తర్వాత ఏం జరిగిందో నా చేతినే అడగాలి. కవరు ముడి వేయబోయే ముందు అది బస్తాలోకి వెళ్లి రెండు దుంపలు తీసి పైన పడేసింది. గ్యారీ ఏదో అనబోయి, బెవ్ వైపు చూసి, ఊరుకున్నాడు. తర్వాతావిడకూ రెండు. చంటిబిడ్డ ఉన్నావిడకు మూడు. కొసరు లేకుండా మనిషిని పంపడమంటే పొమ్మన్నట్టే కదా. అందరూ నవ్వుతూ థాంక్యూ అన్నారు. నేను వాళ్లకు నచ్చాననుకున్నాను. ప్రవీణ మేనత్త ఎంత ధారాళమైన మనిషో దీవంతా తెలియాలనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే అనుకున్నాను.

మధ్యాహ్నం లోపు ఇరవై ఆరు ఇళ్లవాళ్లు వచ్చి వెళ్లారు. ప్రవీణ తిరిగొచ్చింది. తలుపు దగ్గరే ఆగి, మూడో బస్తా మూతి వంక చూసింది. తూచి చూడనవసరం లేకపోయింది దానికి.

"అత్తా, కొసరేశావా?" అంది.

చాలా మెల్లగా అంది. అరిస్తే బాగుండేది. నేను ఏదో సమర్థించుకోబోయాను. వట్టి చేతుల్తో ఎలా పంపుతామని, రెండే కదా వేసిందని. అది మిగిలిన దుంపలన్నీ తూచింది. ఇంకా పద్నాలుగు ఇళ్లు రావాలి. అందులో ఐదు ఇళ్లకు లేవు. ఆ ఐదూ మట్టి విరిగిన ఉత్తరం వైపువే. రోడ్డు సగం తెరిచాక, సాయంత్రం అందరికంటే చివర నడిచి వస్తారు. చివరగా వచ్చినవాళ్లకు కూడా దొరుకుతుందని బోర్డు మీద చదివి, నమ్మి, తొందరపడకుండా వచ్చేవాళ్లు.

గడువు ఇంకో తొమ్మిది రోజుల్లో తీరిపోతుంది. యజమాని ఆరడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను తెలుగులోనే, గొంతు తగ్గించి, నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. బస్తా తక్కువ తూకంతో వచ్చిందని చెప్పు, అక్కడ గోదాములో తప్పు జరిగిందని చెప్పు, ఎవరూ అడగరు, నేనైతే అలాగే చెప్పేదాన్ని అన్నాను. చెప్పేదాన్నే. చెప్పాను కూడా, ముప్ఫై ఒక్క ఏళ్లలో చాలాసార్లు.

ప్రవీణ ఆప్రాన్ సరిచేసుకుని బెవ్ కుర్చీ ముందుకు వెళ్లి నిలబడింది. ఇంగ్లిషులో చెప్పింది గానీ ఆ మాత్రం నాకు అర్థమైంది. తూకంలో ఎక్కువ వెళ్లాయి, ఐదు ఇళ్లకు తక్కువ పడ్డాయి, మా అత్తకు పద్ధతి చెప్పకుండా నిలబెట్టాను, తప్పు నాది అని. బెవ్ రైట్ అన్నారు. అంతే. లేచి తన టీ తాను పెట్టుకోవడానికి వెనక గదిలోకి వెళ్లిపోయారు.

నేను ఆ క్షణం ఎంత చిన్నబోయానో చెప్పలేను. దానికి కొట్టు ఇప్పించడానికి వచ్చాను. నా చేతులతోనే పోగొట్టాను.

బోర్డు మీద రాత

అంతటితో ఆగితే బాగుండేది. ప్రవీణ వరండాలోకి వెళ్లి బోర్డు మీద పొద్దున రాసింది చెరిపేసి కొత్తగా రాసింది. ఈ ఉదయం కవర్లలో ఎక్కువ దుంపలు వెళ్లాయి, ఐదు ఇళ్లకు తక్కువ పడ్డాయి, పొరపాటు నాది, ఇచ్చింది మీదే, తిరిగి తేనక్కర్లేదు, ప్రవీణ అని.

పొరపాటట. కొసరు వేయడం పొరపాటా? మా వ్యాపారంలో తూకంలో పొరపాటు అనే మాటను మించిన తిట్టు లేదు. నేను అలిగి ఫ్రీజర్ వెనక స్టూలేసుకుని కూర్చున్నాను. ఎవరూ బతిమాలలేదు. అది ఇంకా అవమానం.

మూడింటికి గ్యారీ వచ్చాడు. జేబులోంచి రెండు దుంపలు తీసి తూకం పక్కన పెట్టాడు. పొద్దునే చెబుదామనుకున్నానని, పెద్దావిడకు ఆ మిషన్ కొత్తేమోనని, అందరి ముందూ చెబితే నొచ్చుకుంటుందని ఊరుకున్నానని ప్రవీణతో అన్నాడు. ప్రవీణ నవ్వు ఆపుకుంటూ నాకు తెలుగులో చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. మా దగ్గర కొసరు తిరిగిచ్చాడంటే ఇక ఈ జన్మలో నీ కొట్టు గడప తొక్కనని అర్థం. ఆ రెండు దుంపలూ తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన మళ్లీ తూకం పక్కన పెట్టాడు. నేను మళ్లీ ఇచ్చాను. ఇలా మూడుసార్లు అయ్యాక ప్రవీణ మధ్యలోకి వచ్చి దుంపలు లాక్కుంది.

తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలైంది. చంటిబిడ్డ తల్లి మూడూ తెచ్చింది. అప్పటికే ఉడకబెట్టేసిన ఒకావిడ బదులుగా గుమ్మడికాయ ముక్క తెచ్చింది. చెప్పుల్లేని కాళ్లతో వర్షంలో తడుస్తూ, ఏదో మర్చిపోయిన గొడుగు తిరిగిస్తున్నట్టు మామూలుగా పెట్టి వెళ్లిపోయారు. ఎవరూ నన్ను తప్పుపట్టినట్టు చూడలేదు. ఒకావిడ అయితే నా భుజం తట్టి, మిషన్లంటే నాకూ భయమే అంది. ముప్ఫై ఒక్క ఏళ్లు తూచిన మనిషిని.

తిరిగొచ్చినవన్నీ పోగేస్తే మూడిళ్లకు సరిపోయాయి. నాలుగో కవరులో ప్రవీణ తన ఇంటి వంతు కిలోన్నరా పోసేసింది. ఐదోది ఖాళీగా తూకం మీద ఉంది. సాయంత్రం ఉత్తరం వైపువాళ్లు బురద బూట్లతో వరండా ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. నేను తీసుకొచ్చిన బియ్యం మూట విప్పుదామా అని అడగబోయేంతలో బెవ్ కుర్చీలోంచి లేచారు. కుర్చీ కింద పెట్టుకున్న తన వంతు కవరు తీసుకుని, గోడ పట్టుకుని నాలుగడుగులు నడిచి వచ్చి, అందులో ఉన్నవి తూకం మీద పోశారు. ఒకటిన్నర. మీట తానే నొక్కారు.

బెవ్ మాట

ఉత్తరం వైపువాళ్లు దుంపలు తీసుకుని వెళ్లాక కొట్టు తలుపు మూశారు. బెవ్ నన్నూ ప్రవీణనూ కూర్చోమన్నారు. ఆవిడ మాటల్ని ప్రవీణ నాకు తెలుగులో చెబుతూ వచ్చింది. మధ్యలో అది ఆప్రాన్‌తో ముఖం తుడుచుకుంటూ చెప్పడం మానేసింది, కాబట్టి కొన్ని మాటలు నేనే అర్థం చేసుకోవలసి వచ్చింది.

పొద్దున మొదటి కవరు దగ్గర్నుంచీ ఆవిడ నా చేతినే చూస్తున్నారట. ఆపాలనుకున్నారట. మొదటి నాలుగు కవర్ల వరకు ఆపడానికే చూశారట. తర్వాత ఆపకూడదని నిర్ణయించుకున్నారట.

"సరుకు తెప్పించడం, అమ్మడం నువ్వు చేయగలవని ఆర్నెల్ల కిందటే తెలుసు. తక్కువ పడిన రోజున నువ్వు నాతో ఏం చెబుతావో తెలియదు. అది తెలుసుకోకుండా ఈ జనాన్ని నీకు అప్పగించలేను" అన్నారు.

మా అక్క కొడుకైతే బస్తా తక్కువ వచ్చిందని చెప్పేవాడు అని కూడా అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆవిడకు తెలుగు రాదని నాకు తెలుసు. అయినా వంచుకున్నాను.

జూన్ ఒకటో తారీఖు నుంచి కొట్టు నీదే, నీకింకా కావాలనే ఉంటే అన్నారు బెవ్. ప్రవీణ తల ఊపింది. ఆవిడ లేచి, దాని తల మీద ఆ పెద్ద చెయ్యి ఒక్కసారి పెట్టి, నన్ను చూసి, మార్తా, నువ్వు దీన్ని బాగా పెంచావు అన్నారు.

కాదని చెప్పాలనుకున్నాను. సరుకు చూడటం నేర్పాను, మనిషిని చూడటం నేర్పాను. ఈ ఒక్కటీ నేను నేర్పలేదు. అది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. నా దగ్గర లేనిదాన్ని నా స్టూలు మీద కూర్చునే నేర్చుకుంది. ఇంగ్లిషులో అంత మాట నాకు రాదు కాబట్టి థాంక్యూ అన్నాను. ఆ రాత్రి అన్నయ్యకు ఫోన్ చేసి, నీ కూతురు ఉల్లిపాయలు తూచదన్నయ్యా, దీవిని తూచి పోస్తోంది అని చెప్పాను. అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఆదివారం పడవ

గాలి శనివారం తగ్గింది. ఆదివారం పొద్దున పడవ వచ్చింది. ప్రార్థనకు వెళ్లాల్సినవాళ్లు కూడా ముందు రేవుకే వచ్చారు. పెట్టెలు చేతులు మారి చేతులు మారి కొట్టులోకి వచ్చాయి. అరటిపళ్లు, ఉల్లిపాయలు, పాలు, పన్నెండు బస్తాల దుంపలు. మూడు రోజులుగా నేల చూపిస్తున్న అరలు గంటలో నిండిపోయాయి. కొత్త సరుకు వాసనకు నా ఒళ్లు ఝల్లుమంది. కొంగు నడుముకు చుట్టుకుని, ఒక బస్తా మూతి విప్పి, నేను తూకం వైపు నడిచాను.

ప్రవీణ తూకం ముందు నిలబడి ఉంది. పక్కకు జరగలేదు.

"నువ్వు ఇటు రావద్దత్తా. అటు పక్క, వరసలో నిలబడు" అంది.

గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. యజమాని గొంతు అది. వరసలో ఉన్న గ్యారీ నాకు చోటిస్తూ కొంచెం వెనక్కి జరిగాడు. నన్ను తూకం దగ్గర్నుంచి వెళ్లిపొమ్మన్న మనిషి నా జీవితంలో అంతకు ముందు ఎవరూ లేరు. నేను కొంగు విప్పేసి, గల్లాపెట్టె ఇవతలికి వచ్చి, అందరితో పాటు వరసలో నిలబడ్డాను. నా ముందు ఏడుగురు ఉన్నారు. ఆ ఏడుగురికీ, వినిపించుకున్నా వినిపించుకోకపోయినా, ఈ కొట్టు మా అమ్మాయిదని చెప్పాను.